సాన తాత చేతికిచ్చిన కత్తి

మా ఇంటి కత్తికి ఆ మెరుపు అమ్మవారి వల్ల రాలేదు, చింతపండు వల్ల వచ్చింది. చింతపండు నానబెట్టింది నేను, పొయ్యి బూడిద అద్ది తోమింది నేను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను గానీ, ఆ రోజు పేజీలో “అమ్మా నాన్నా పెళ్లికి వెళ్లారు. ఎండ బాగా కాసింది” అన్న రెండు ముక్కలే ఉన్నాయి.

నేను చెప్పకుండానే తెలుసుకున్న మనిషి ఒకాయన ఉండేవాడు. కిందటి సోమవారం కాశీబుగ్గలో బస్సు దిగేసరికి, ఆయన కూర్చునే చోట కరెంటు స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆధార్ కార్డు ఫోటోని పెద్దది చేసినట్టున్నారు, ముఖమంతా గళ్లుగళ్లుగా విడిపోయింది. ఆయన చొక్కా తొడుక్కోగా నేనెప్పుడూ చూడలేదు కాబట్టి మొదట ఎవరో అనుకున్నాను. కుడి చెవి పైఅంచు చిన్న ముక్క తెగి ఉండటం చూసి గుర్తుపట్టాను. ఆ చెవి గురించి అడిగితే “నా మొదటి గురువు కొరికింది” అనేవాడు. గురువంటే కత్తి.

ఫ్లెక్సీ మీద పేరు ఉంది. అంతవరకూ నాకు ఆ పేరు తెలియదు. తెలిశాక కూడా అది ఆయనది అనిపించలేదు, అందుకే రాయడం లేదు. బజారంతటికీ ఆయన సాన తాత.

మా కాలేజీ టెక్కలిలో. మా ఊరు ఉద్దానంలో, సముద్రానికి కాస్త ఇవతల. రోజూ కాశీబుగ్గలో బస్సు మారాలి. బస్సు కోసం నిలబడే చోట ఆయన టార్పాలిన్ నీడ ఒక్కటే నీడ. నేను ఎవరితోనూ మాట్లాడే మనిషిని కాను. పుస్తకం తెరిచి, ఆ నీడ అంచున, ఆయనకు వీపు పెట్టి నిలబడేదాన్ని. వెనకాల తొక్కుడు సాన గిర్రున తిరిగేది, నిప్పురవ్వలు నా చెప్పుల దాకా వచ్చి ఆరిపోయేవి. అలా ఎన్నాళ్లు గడిచాయో, ఒక రోజు సాన ఆగింది.

“ఓలమ్మీ, ఆ పేజీ తిప్పీసి సానాసేపయింది. సదవతన్నావా, సదవతన్నట్టు నిలుసున్నావా?”

సిగ్గుతో చచ్చిపోయాను. నిజానికి నేను వింటున్నాను. ఆయన కత్తులతో మాట్లాడే తీరు పుస్తకం కన్నా బాగుండేది.

ఆయన దగ్గర కొన్ని పద్ధతులుండేవి. కత్తి తెచ్చినవాళ్లు దాన్ని ఆయన చేతికి ఇవ్వకూడదు. ముందు పరిచిన గోనె మీద పెట్టాలి, ఆయన తీసుకుంటాడు. పదును పెట్టాక ఆయనా గోనె మీదే పెడతాడు. చేతినుంచి చేతికి కత్తి మారితే ఆ ఇద్దరికీ తగువొస్తుందని మా వైపు అందరూ అనుకునేదే, కానీ ఎవరూ అంత పట్టుగా పాటించరు. ఆయన పాటించేవాడు. ఒకసారి ఎవరో హోటల్ కుర్రాడు తొందరలో కత్తి చేతికి అందించబోతే, ఆయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. “నీతో తగువు పడితే నాకు టీ ఎవుడిత్తాడ్రా?”

రెండో పద్ధతి, కత్తిని కడిగి తేకూడదు. శుభ్రంగా తోమి తెచ్చిన ఆడవాళ్లను తిట్టేవాడు. “మొకం కడిగీసినాక ఎవుల్ని గుర్తుపడతాం? ఎలా ఉన్నది అలా తేవాల.” కత్తిని ముందు వాసన చూసేవాడు. తరవాత బొటనవేలి గోటితో వెన్ను మీద గీసేవాడు. అప్పుడప్పుడూ నాలుక కొస కూడా ఆనించేవాడు. ఆనించి, కళ్లు మూసుకుని, “నౌపడ” అనేవాడు. తెచ్చిన మనిషి నిజంగానే ఉప్పు మడుల్లో పని చేసేవాడై ఉండేవాడు. టీకొట్టు ఆయన అటునుంచి అరిచేవాడు, “అది నాలిక కాదర్రా, జిల్లా మ్యాపు!”

జీడిపప్పు ఫ్యాక్టరీల ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చేవాళ్లు. పప్పు మీద పొర తీసే చిన్న కత్తులు, గుప్పెడేసి తెచ్చి గోనె మీద పోసేవాళ్లు.

“తాతా, నా కత్తి ఏటి సెప్తంది?”

“నీ కత్తి సెప్తంది, నన్ను ఇంటికి ఒట్టుకెల్లి ఉల్లిపాయలు తరిగిత్తంది, మేస్త్రీకి సెప్పీ తాతా అని.”

“ఓలమ్మో, నోరు ముయ్యిమను దాన్ని!”

వాళ్ల నవ్వులకి బస్టాండు బస్టాండే ఇటు తిరిగేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. తల వంచుకుని, తరవాతి కత్తి వాసన చూస్తూ ఉండేవాడు.

ఏ కత్తిపీట ఏ ఊరి కమ్మరి చేసిందో, ఏది ఇచ్ఛాపురం అవతలి నుంచి కోడలితో పాటు వచ్చిందో, ఏ కొడవలి కొండల మీది సవరల దగ్గర పుట్టి సంతలో చేతులు మారిందో చెప్పేవాడు. ఎలా తెలుస్తుందని అడిగాను ఒక రోజు. అప్పటికి ఆయనతో మాట్లాడటానికి నాకు భయం పోయింది. “నీకు అచ్చరాలు ఎలా తెలుత్తాయి? నేర్సుకున్నావు. మా బాబు నాకు ఇది నేర్పినాడు. అంతే గాని ఇందల మంత్రాలేటి నేవు” అన్నాడు.

ఇప్పుడు మా కత్తి సంగతి.

మా దేవుడి గూట్లో ఎర్రగుడ్డ చుట్టిన పొడుగు కత్తి ఒకటి ఉంది. మూరకి మించి ఇంకో జానెడు ఉంటుంది. మా ముత్తాత ధైర్యానికి మెచ్చి జమీందారు గారు ఇచ్చారని నాన్న చెబుతాడు. ఆయనకు తాతయ్య చెప్పాడు. ఏటా అమ్మవారి సంబరంలో మా ఇంటి కత్తి ముందు నడవాలి, గుడి ముందు మొదటి గుమ్మడికాయ దానితోనే కొట్టాలి. కత్తి పట్టుకుని నాన్న నడుస్తుంటే ఊరు పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది. తుఫానుకి జీడితోట మొత్తం పడిపోయాక, కొబ్బరిచెట్లు సగం పోయాక, ఊళ్లో నాన్నకు మిగిలిన గౌరవం ఆ గంటసేపే.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఒకరున్నారు. అప్ప అని పిలుస్తాం. పొద్దున్నే గంపతో వచ్చి అరుగు కింద కూర్చుంటుంది. అరుగు ఎక్కదు. కిందటి మాఘంలో ఒక రోజు గంప దించి, చేపలు తీయకుండా నాన్న కోసం అడిగింది. నాన్న బయటికి వచ్చాడు.

“బాబూ, ఒక మాట. ఏటీ అనుకోకు. మీ దేవుడి కాడున్న కత్తి మా తాతది.”

నాన్న నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. వాళ్ల తాత రంగూన్‌లో కూలి చేసేవాడట. యుద్ధంలో బాంబులు పడుతుంటే అడవుల వెంట నడిచి వచ్చేశాడట. భుజం మీద మూడేళ్ల కూతురు, నడుముకి ఆ కత్తి, అంతకు మించి ఏమీ తేలేదట. ఆ కూతురే అప్ప వాళ్లమ్మ. ఆ తరవాత ఎప్పుడో సముద్రం ఊరి మీదికి వచ్చినప్పుడు వాళ్లంతా మా ముత్తాత పశువుల శాలలో నెల రోజులు తలదాచుకున్నారట. తిరిగి వెళ్లేటప్పుడు, పాకలు లేచేదాకా దాచమని కత్తి మా ముత్తాతకి ఇచ్చాడట.

“నా కొడుకు గుజరాత్‌లో బోటు పనికున్నాడు. మోకాళ్లు పనిసెయ్యవు, వొచ్చీ అంటన్నాడు. కార్తీకంలో ఎల్లిపోతాను. మా అమ్మని మోసుకొచ్చిన సేతిలోది అదొక్కటే ఉంది బాబూ. ఒట్టుకెల్తాను.”

“మా ఇంట్లో జమీందారిచ్చిన కత్తుంది. మీ తాత కత్తి ఎవులింట్లో ఉందో ఎల్లి అడుగు” అన్నాడు నాన్న. కోపంగా కాదు, మామూలుగా. లోపలికి వచ్చాక మాత్రం దేవుడి గది తలుపు దగ్గరికి వేశాడు. అప్పటిదాకా ఆ తలుపు ఎప్పుడూ వేయగా చూడలేదు.

నాకు కూర్చుంటే కుదురు లేదు. ఎవరిది నిజం? కాలేజీ లైబ్రరీలో జమీందారుల మీద ఉన్న పుస్తకాలు రెండూ తిరగేశాను. ఫోన్లో కత్తుల బొమ్మలు వందల కొద్దీ చూశాను. ఆఖరికి నాకొక ఆలోచన వచ్చింది. జమీందారు ఇచ్చిన కత్తయితే పేరో ముద్రో చెక్కి ఉంటుంది. ఏళ్ల తరబడి పూసిన పసుపూ కుంకుమా నూనే కలిసి కత్తి మీద చెట్టు బెరడులా పేరుకుపోయి ఉన్నాయి. అక్షరాలు దాని కింద ఉండి ఉంటాయి.

అందుకే అమ్మా నాన్నా పెళ్లికి వెళ్లిన ఆదివారం తోమాను. పెరట్లో బావి పక్కన కూర్చుని, చేతులు మండేదాకా. పిడి మీది బెరడు ఊడుతున్నప్పుడు దానిలోంచి నల్లటి దారం పోగులు వచ్చాయి. బిగుసుకుపోయిన ముడి ఒకటి రాలేదు. కత్తెరతో కత్తిరించాను. పాత చెత్తేదో అనుకుని కొబ్బరి పీచు పోసే గోతిలో పారేశాను. ఇనుప అలుగు మీద ఒక్క అక్షరం లేదు. తోమిన ఇనుము ఎండలో తళతళమంటూ నా ముఖం నాకే చూపించింది.

మర్నాడు ఆ కత్తిని చార్టు పేపర్ల చుట్టలో పెట్టి బస్సెక్కాను. గూట్లో ఎర్రగుడ్డలో దాని బదులు కొబ్బరిమట్ట ముక్క చుట్టి పెట్టాను. “ఏటమ్మా, ప్రాజెట్టా?” అన్నాడు కండక్టరు. ఊఁ అన్నాను. కాశీబుగ్గ దాకా ఆ చుట్టని ఒళ్లో పట్టుకుని, ఒక్కసారి కూడా కిటికీలోంచి బయటికి చూడలేదు.

గోనె మీద పెట్టగానే ఆయన సాన ఆపేశాడు. చాలాసేపు ముట్టుకోలేదు. అటు తిరిగి, ఇటు తిరిగి చూశాడు. తరవాత వాసన చూశాడు. ముఖం చిట్లించాడు.

“సింతపండు. ఎవులు తోమినారు?”

“ఇంట్లో... ఎప్పుడూ అలాగే తోముతారు తాతా.”

ఆయన నా వంక చూడలేదు. కత్తిని రెండు అరచేతుల మీదా పెట్టుకుని బరువు చూశాడు. పిడిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాడు. మళ్లీ కొట్టాడు, ఈసారి కాస్త పైన.

“విను. ఇక్కడ ఒక పాట, ఇక్కడ ఒక పాట. లోపల ఇనుం సగానికే ఉంది. మనోలు ఇనుప తోక పిడి దాటించి, అవతల తట్టి మడిసేత్తారు. ఈలు సగం దాకా దింపి లక్కతో అంటించినారు. సేతికి అడ్డం రేకు నేదు సూసినావా? పిడి గుండ్రం. రెండు సేతులు పట్టీ అంత పొడుగు.” గోరుతో పిడి మొదట్లో గీకి, వచ్చిన నల్లటి పొడిని అగ్గిపుల్ల మీద పెట్టి వెలిగించాడు. సన్నటి పొగ. ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకున్నాడు. “మన లక్క కాదిది. రంగం.”

మా వైపు పెద్దవాళ్లు రంగూన్‌ని రంగం అంటారు.

“మా సిన్నప్పుడు రంగం నుంచొచ్చినోల ఇళ్లల్లో ఇలాటియి ఉండీవి. పొట్ట గడవక మా బాబుకి తెచ్చి ఇచ్చీవోరు, కొడవలి సేసీమని. ఎన్ని సెరిపీసినాడో మా బాబు. ఇదొకటి బతికింది.”

“జమీందారు ఎవరికైనా బహుమతిగా ఇచ్చి ఉంటారా తాతా? రంగూన్ నుంచి తెప్పించి?”

“జమీందారు ఇచ్చిందయితే అలుగు మీద పువ్వుండును, పిడికి ఎండి తొడుగుండును. ఇది కూలోడి కత్తి. వెన్ను సూడు ఎంత మందమో. ఎదుర్లు నరికింది, దారి నరికింది.”

ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించబోయాను. అక్కడి కత్తుల బొమ్మ దొరికింది నాకు అప్పుడే, రంగూన్ అని వెతకగానే. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “బొమ్మల బరువుంటాదేటి?” అన్నాడు.

తరవాత పిడి మీద వేలు నెమ్మదిగా జరిపాడు. ఒక చోట ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి ఆగింది.

“దీనికి ఏటైనా సుట్టుండీదా అమ్మీ?”

“లేదు తాతా.”

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు దానంతట అదే అనేసింది. ఆయన నా వేలు పట్టుకుని పిడి మీద పెట్టాడు. పిడికి పూసిన లక్క మీద సన్నటి గాడులు, వరసగా, ఒకదాని పక్కన ఒకటి. మధ్యలో ఒక చిన్న గుంట, ముడి కూర్చున్న చోటు.

“ఎండలకి లక్క మెత్తబడతాది. సుట్టిన దారం అచ్చు పడిపోతాది. వలదారం. పురి ఎటు తిరిగిందో కూడా తెలుత్తంది సూడు” అన్నాడు. అంతే. నువ్వు అబద్ధం చెప్పావనలేదు. కత్తిని గోనె మీద పెట్టి, సాన తొక్కడం మొదలుపెట్టాడు. టెక్కలి బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. కత్తి మళ్లీ చార్టుల చుట్టలో పెట్టుకుని, మా ఊరి బస్సెక్కి ఇంటికి వచ్చి, ఎవరూ చూడకుండా గూట్లో ఎర్రగుడ్డలో చుట్టేశాను.

రెండు రోజుల తరవాత అప్ప వచ్చినప్పుడు, అమ్మ లోపలికి వెళ్లేదాకా ఆగి అడిగాను. “అప్పా, మీ తాత కత్తి పిడికి ఏమైనా కట్టి ఉండేదా?”

“వలదారం సుట్టీవోడట, సెమటకి జారిపోకుండా. మా అమ్మ సెప్పీది. కొసన మా ఇంటి ముడి.” గంపకు కట్టిన తాడు కొస తీసుకుని, వేసి చూపించింది. రెండు మెలికలు, ఒక మడత, లోపలికి దూర్చి లాగడం. “ఈ ముడి ఊడదు. కొయ్యాల్సిందే. నీకెలా తెలుసే గుంటా?”

నేను చేపల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. కొబ్బరి గోతి దగ్గరికి వెళ్లి చూశాను. అప్పటికే దాని మీద మూడు బండ్ల పీచు పోసి ఉంది.

సంబరం రోజు నాన్న ఎర్రగుడ్డ విప్పాడు. ఎప్పుడూ నల్లగా, కుంకుమ అట్టలు కట్టి ఉండే కత్తి పొద్దుటి ఎండలో మెరిసింది. పూజారి వచ్చి చూశాడు. “అమ్మోరు ముట్టుకున్నాదిరా నాయినా, మీ కత్తిని!” అన్నాడు. అంతే, క్షణంలో వీధంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు పళ్లేలతో వచ్చారు, కుర్రాళ్లు ఫోన్లతో వచ్చారు. డప్పులు రెట్టించాయి. ఆ రోజు నాన్న నడుము నిటారుగా పెట్టి నడిచాడు. తుఫాను తరవాత నాన్నని అలా చూడటం అదే మొదలు. నేను గుంపు వెనక నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను. రోడ్డు అవతల, ఎండలో, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని అప్ప నిలబడి ఉంది. కత్తి తన ముందు నుంచి వెళ్తున్నప్పుడు దండం పెట్టింది. అమ్మవారికో, వాళ్ల తాతకో.

ఆ మధ్యలో సాన తాత రోజు విడిచి రోజు కనిపించేవాడు కాదు. మా ఉద్దానంలో మనిషి రోజు విడిచి రోజు కనిపించకపోతే ఎక్కడికి వెళ్లాడని ఎవరూ అడగరు, కిడ్నీలు పాడై డయాలసిస్‌కి వెళ్లాడని తెలుసు. ఒక రోజు నేనే దగ్గరికి వెళ్లాను. ఎడమ చెయ్యి మీద నరం తాడులా ఉబ్బి ఉంది, పక్కన దూది అంటించి ఉంది. నేను చూడటం చూసి, “ఏలు పెట్టి సూడు” అన్నాడు. భయపడుతూ పెట్టాను. చర్మం కింద గుర్రుమని ఆగకుండా తిరుగుతున్నట్టు ఉంది. “నా లోపల కూడా సాన పెట్టీసినారు. కరెంటు బిల్లు నేదు, తొక్కుడూ నేదు” అన్నాడు. ఆ ఒక్కసారే ఆయన నవ్వగా చూశాను.

అప్పుడే అడిగాను. “తాతా, మా ఊరొచ్చి మా నాన్నకి ఒక్క మాట చెప్తావా? కత్తి రంగూన్‌దని. నువ్వు చెప్తే వింటారు.”

“నాను సెప్తే మీ నాన్న నాతో తగువు పడతాడు. నాతో పడి ఏటి లాబం? నాను మీ ఇంట్లో అన్నం తింటానా?” అన్నాడు. కోపం వచ్చింది నాకు. వారం రోజులు ఆయన నీడకి వెళ్లకుండా ఎండలోనే నిలబడ్డాను.

సంబరంలో గుమ్మడికాయ ఒక్క దెబ్బకి తెగలేదు. మూడు దెబ్బలు పట్టాయి. నాన్నకి ఆ మాట ముల్లులా ఉంది. దసరా పూజ దగ్గర పడింది. నెల క్రితం నాన్నే పిలిచి, “కాశీబుగ్గ మీదుగానే ఎల్తావు గదా, ఆ సాన ముసిలోడి కాడ పదును ఎట్టించుకురా” అని ఎర్రగుడ్డతో సహా కత్తి ఇచ్చాడు. అలా అది రెండోసారి నాతో బస్సెక్కింది, ఈసారి ఎవరికీ దాచకుండా. ఆ రోజు ఆయన దగ్గర జరిగింది ఆఖరున చెబుతాను.

ఇంటికి వచ్చి, తాత లేడని అబద్ధం చెప్పి కత్తి గూట్లో పెట్టేశాను. దసరాకి అదే మొండి కత్తికి పూజ జరిగింది. కిందటి సోమవారం ఫ్లెక్సీ చూశాను.

ఆ సాయంత్రం నాన్న పెరట్లో కొబ్బరికాయల పీచు తీస్తున్నాడు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. నాన్నకి ఎదురు కూర్చుని మాట్లాడటం నా జన్మలో అదే మొదటిసారి. చెప్పాను. లక్క, సగం దాకా దిగిన ఇనుము, పిడి మీది అచ్చులు. అప్ప చూపించిన ముడి. నాన్న ఒక్కో కాయా పీచు తీసి పక్కన పడేస్తూ విన్నాడు.

“ఎవుడు సెప్పినాడు?”

“సాన తాత.”

“సచ్చిపోయినోడా సాచ్చెం?”

“అచ్చులు ఉన్నాయి నాన్నా. వేలు పెడితే తెలుస్తాయి.”

నాన్న కాయ పక్కన పెట్టాడు. గొంతు తగ్గించాడు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. “అయితే ఒక్కటి సెప్పు. ఎవులో సేపలోల కత్తయితే అమ్మోరు దాన్నెందుకు ముట్టుకుంటాది? ఊరంతా సూసింది గదా, ఎలా మెరిసిందో. సెప్పు మరి.”

నాలుక కొస దాకా వచ్చింది, చింతపండు, బూడిద అని. నాన్న ముఖం చూసి మింగేశాను. ఆయన మళ్లీ కాయ తీసుకున్నాడు. నేను గెలవలేదు, ఆయనా గెలవలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినడం లేదు. నాన్న రోజుకి రెండుసార్లు దేవుడి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, కాసేపుండి వస్తున్నాడు. ఆ పిడి మీద వేలు పెట్టి చూస్తున్నాడేమో అని నా అనుమానం.

రేపు అప్ప మా వీధికి ఆఖరిసారి వస్తుంది. ఎల్లుండి పలాసలో రైలెక్కుతుంది. ఇది రాస్తూ ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. నీళ్లు తాగాను, గుమ్మం దాకా వెళ్లాను, వచ్చాను. రేపు పొద్దున్న అరుగు మీద నాన్న, అరుగు కింద అప్ప ఉంటారు. చింతపండు మాట చెప్పాలి. కత్తెర మాట కూడా చెప్పాలి, అది ఆవిడకి. చెబితే నాన్నకి ఆ గంటసేపు గౌరవం పోతుంది, దాన్ని పోగొట్టింది కూతురే అవుతుంది. చెప్పకపోతే కత్తి మా గూట్లోనే ఉంటుంది, ఏటా సంబరంలో మెరుస్తుంది, నేను గుంపు వెనక నిలబడి చూస్తూ ఉంటాను.

నెల క్రితం ఆ రోజు బజారులో జనం తక్కువ. ఎర్రగుడ్డ విప్పి కత్తిని గోనె మీద పెట్టాను. ఆయన బాగా చిక్కిపోయి ఉన్నాడు. కాలు సాన మీద లేదు, సానకి ఆనుకుని కూర్చున్నాడు.

“నాన్న పదును పెట్టమన్నారు తాతా.”

కత్తి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. వేలితో ఆ ముడి గుంట వెతికి పట్టుకున్నాడు. “దీనికి నాను పదునెట్టను. దీని మడిసి వొచ్చి అడిగితే ఎడతాను” అన్నాడు. అని, నా ముఖంలోకి చూశాడు. “దారం ఏటి సేసినావు?”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఎర్రగుడ్డ చుట్టలేదు. ఉబ్బిన నరం ఉన్న ఆ ఎడమ చేత్తో కత్తి అలుగు పట్టుకుని, పిడి నా వైపు తిప్పి, గోనె మీద పెట్టకుండా నా చేతి ముందుకు చాపాడు. నేను రెండు అడుగులు వెనక్కి వేశాను.

“కింద పెట్టు తాతా. చేతికిస్తే తగువొస్తాది.”

చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“నాతో కాదు, మీ ఇంట్లో రావాలనే ఇత్తన్నాను. పట్టు.”